దీపం మారింది - లెక్క ఏదీ?

- బి.యస్సీ. (యం.పి.సి.), తృతీయ సంవత్సరం

దీపం వుండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. వారి కాలంలో దీపమంటే ఆముదం, ఆ తర్వాత కిరసనాయిలు. చమురు తరిగిపోవడం కంటికి కనిపించేది. సీసాలో అర అంగుళం తగ్గితే ఇంట్లో ఆడవాళ్ళకు తెలిసేది. వెంటనే వత్తి దించేవారు. ఈనాటి దీపానికి చమురు గోడలోని తీగ వెంట వస్తుంది. ఎంత తరిగిందో ఎవరికీ కనపడదు. నెలకొకసారి మీటరు చూసే ఆయన వచ్చి కాగితం చేతిలో పెడితేనే తెలుస్తుంది. మరి ఆ కాగితం కూడా రాని చోట ఏం తెలుస్తుంది? ఏమీ తెలియదు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే వుంది.

గత పది పన్నెండేళ్ళలో మన ఇళ్ళల్లో చప్పుడు లేకుండా జరిగిన పెద్ద మార్పు ఏదని అడిగితే చాలామంది సెల్‌ఫోను అంటారు. నేనైతే బల్బు అంటాను. గుండ్రటి గాజుబుడ్డి బల్బు పోయింది. నల్లబడ్డ అంచుల ట్యూబులైటు పోయింది. మధ్యలో నాలుగు రోజులు రాజ్యమేలిన మెలికల సి.ఎఫ్.ఎల్. కూడా పోయింది. వాటన్నిటి చోటా ఎల్.ఇ.డి. వచ్చి కూర్చుంది. ఇందుకోసం ఎవరూ ఊరేగింపు తీయలేదు, ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. అయినా మారింది. ఎందుకు మారింది? అది తెలిస్తే, ఎక్కడ మారలేదో కూడా తెలుస్తుంది.

సైన్సు విద్యార్థిని కనుక ముందు బల్బు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఆర్ట్సు మిత్రులు ఓపిక పట్టాలి. పాత బల్బు నిజానికి దీపం కాదు, కుంపటి. లోపలి టంగ్‌స్టన్ తీగ సుమారు 2500 డిగ్రీల సెంటిగ్రేడుకు కాగితేనే మనకు వెలుగు. అది మింగిన కరెంటులో నూటికి తొంభై పాళ్ళకు పైగా వేడిగానే పోతుంది. ఎల్.ఇ.డి.లో తీగ కాగే పనే లేదు. పి-ఎన్ సంధి దగ్గర ఎలక్ట్రాను వచ్చి రంధ్రంలో పడినప్పుడు వెలువడే శక్తి నేరుగా కాంతి అవుతుంది. ఎర్రటి వెలుగునిచ్చే ఎల్.ఇ.డి.ని 1962లోనే అమెరికాలో నిక్ హోలోన్యాక్ చేసి చూపించాడు. కానీ ఎరుపుతో ఇల్లు వెలగదు. తెల్లని వెలుగు కావాలంటే నీలిరంగు కావాలి. ఆ నీలం కోసం ప్రపంచం మూడు దశాబ్దాలు ఎదురు చూసింది. చాలామంది వదిలేసిన గాలియం నైట్రైడ్ అనే పదార్థాన్ని పట్టుకుని జపాను శాస్త్రజ్ఞులు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురా దాన్ని సాధించారు. నీలి వెలుగు మీద పసుపు వెలుగునిచ్చే ఫాస్ఫర్ పూత వేస్తే మన కంటికి తెలుపు. ఈ ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

అదే 2014లో ఆ నీలి వెలుగు మా అనంతపురం జిల్లా పల్లెలకు పది రూపాయలకే వచ్చింది. గుంటూరు, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం జిల్లాలతో పాటు మా జిల్లాలోనూ పాత బల్బులు ఇచ్చిన ఇంటికి రెండు 7 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు, ఒక్కొక్కటి పది రూపాయలకు ఇచ్చారు. మరుసటి ఏడు, 2015 జనవరి 5న కేంద్రప్రభుత్వం ఇదే పనిని దేశమంతటా చేపట్టింది. అదే తర్వాత ఉజాలా పథకం అయింది. కోట్ల లెక్కన ఒక్కసారిగా కొనడం వల్లనేమి, ప్రపంచ మార్కెట్లోనే చిప్పుల ధర పడిపోవడం వల్లనేమి, 2014లో ప్రభుత్వ సంస్థ 310 రూపాయలకు కొన్న బల్బు 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. ఈ పథకం కింద ఇంతవరకు పంచిన బల్బులు 36 కోట్లకు పైమాటే.

మా ఇంటి సంగతి చెబుతాను. మాది వేరుసెనగ పండించే మెట్ట సేద్యం, ఒక బోరు. సాయంత్రమైతే చాలు ఓల్టేజి పడిపోయేది. ట్యూబులైటు వెలగాలంటే చోక్ మూలిగేది, స్టార్టరు తిప్పి తిప్పి వేళ్ళు నొప్పి పుట్టేవి. ఎల్.ఇ.డి. వచ్చాక ఆ బాధ తప్పింది. ఓల్టేజి తగ్గినా మంచి బల్బు వెలుగుతుంది. నేను పదో తరగతికి చదివింది ఆ వెలుగులోనే. కనుక ఈ దీపాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశ్యం నాకు లేదు.

ఇక లెక్క. వసారాలో ఒకటి, నడవలో ఒకటి, వంటింట్లో ఒకటి, పశువుల కొట్టంలో ఒకటి - నాలుగు దీపాలు. 60 వాట్ల పాత బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. దాని బదులు 9 వాట్ల ఎల్.ఇ.డి. అయితే 1.35 యూనిట్లు. అంటే ఒక్కో బల్బుకు నెలకు 7.65 యూనిట్ల మిగులు. నాలుగింటికీ కలిపి 30 యూనిట్ల పైచిలుకు. మా అమ్మ బి.యస్సీ. చదవలేదు గానీ ఈ లెక్క ఆమెకు మొదటి నెల బిల్లు చూసినప్పుడే అర్థమైంది. పక్కింటావిడకు ఆమే చెప్పింది. మా వీధి అలా మారింది. ధర అందుబాటులోకి వచ్చింది, మిగిలింది కాగితం మీద కనిపించింది, కనిపించిన డబ్బు తన చేతిలోనే వుంది. ఈ మూడూ కలిసినందువల్లనే బల్బు మారింది.

ఇప్పుడు మన హాస్టలుకు రండి. ఇక్కడా దీపాలు మారాయి. మా బ్లాకు వరండాల్లో వున్నవి 40 ట్యూబులు. అన్నీ 20 వాట్ల ఎల్.ఇ.డి.లే. వెనకటి 40 వాట్ల ట్యూబు, దాని చోక్‌తో కలిపి సుమారు 50 వాట్లు తీసుకునేది. కాగితం మీద చూస్తే నూటికి అరవై పాళ్ళ పొదుపు. ఎవరికైనా సంతోషమే. కానీ మా సీనియర్లూ, వాచ్‌మనూ చెప్పేదేమంటే, పాతరోజుల్లో రాత్రి 7 గంటలకు దీపాలు వేసి తెల్లవారి 5 గంటలకు ఆర్పేసేవారట. పది గంటలు. ఇప్పుడో? పగలు పదకొండు గంటలకు, అందరం క్లాసుల్లో వున్న వేళ, ఎండ వరండాలో సగం దాకా పడుతుంటే, నలభై ట్యూబులూ వెలుగుతూనే వుంటాయి. ఎవరినైనా అడిగితే ఒకటే జవాబు: "ఎల్.ఇ.డి.లే కదా, ఎంత కాలుతుందిలే!"

ఎంత కాలుతుందో చూద్దాం. పాత ట్యూబు 50 వాట్లు, 10 గంటలు - మొత్తం 500 వాట్-గంటలు. కొత్త ట్యూబు 20 వాట్లు, 24 గంటలు - మొత్తం 480. ముగ్గురు శాస్త్రజ్ఞుల జీవితకాలపు శ్రమ, ఒక నోబెల్ బహుమతి, ప్రభుత్వం వారి కొనుగోళ్ళు - ఇన్నీ కలిసి సాధించిన అరవై పాళ్ళ పొదుపును మనం నాలుగు పాళ్ళకు దించాము! అదీ ఏ కష్టమూ పడకుండా. ఒక స్విచ్చి నొక్కకుండా వుండటం ద్వారా.

ఇంకో రకంగా లెక్క వేద్దాం. అక్కరలేని ఆ 14 గంటలకు, 40 ట్యూబులకు రోజుకు 11.2 యూనిట్లు. నెలకు 336 యూనిట్లు. మన థర్మల్ కేంద్రాల్లో ఒక యూనిట్‌కు అటూ ఇటూగా 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. అంటే నెలకు రెండు క్వింటాళ్ళకు పైగా బొగ్గు, ఎవరూ నడవని వరండాకు ఎండలో దీపం పెట్టడానికి. మా ఊళ్ళో మా ఇంటివంటి పదకొండు ఇళ్ళు నెలంతా మిగిల్చిన కరెంటు ఇది. పదకొండు ఇళ్ళ తల్లుల పొదుపు ఒక్క బ్లాకు పిల్లల నిర్లక్ష్యానికి సరి. ఇక గదుల్లో తిరిగే ఫ్యాన్ల మాట చెప్పనే లేదు. మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్లు. ఖాళీ గదిలో ఫ్యాను వదిలేసి వెళితే ఎనిమిది ఎల్.ఇ.డి. బల్బులు వెలిగించి వెళ్ళినట్టే.

మరి మనం చెడ్డవాళ్ళమా? కాదు. ఇదే విద్యార్థి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు వసారాలో లైటు వదిలేస్తే నాన్న ఊరుకుంటాడా? లేచి వెళ్ళి ఆర్పి వస్తాడు. అదే చెయ్యి ఇక్కడ స్విచ్చి దగ్గరకు పోదు. ఎందుకంటే ఇక్కడ కరెంటు చార్జీలు ఏడాదికింత అని ముందే కట్టేశాం. వాడినా అంతే, వాడకపోయినా అంతే. మా బ్లాకు నెలకు ఎన్ని యూనిట్లు తిన్నదో నాకు తెలియదు, మీకు తెలియదు. మా వార్డెనుగారికీ వేరుగా తెలిసే వీలు లేదు, ఎందుకంటే బ్లాకుకో మీటరు లేదు. కనబడని దాన్ని ఎవడు కాపాడతాడు?

ఇది మన ఒక్కరి జబ్బూ కాదు, కొత్త జబ్బూ కాదు. ఇంగ్లండులో విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆర్థికవేత్త 1865లోనే బొగ్గు మీద పుస్తకం రాసి ఈ సంగతి చెప్పాడు. జేమ్స్ వాట్ ఆవిరియంత్రం తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేసింది. అందువల్ల బొగ్గు వాడకం తగ్గలేదు సరికదా, పెరిగింది. చవక అయిన వస్తువును మనిషి విచ్చలవిడిగా వాడతాడు. మా ఊళ్ళో వీధిదీపాలు కూడా ఎల్.ఇ.డి.లే అయ్యాయి; పగటిపూట వెలిగేవి వాటిలో ఎన్నో. పొద్దు తిరుగుడు పువ్వులాగా సూర్యుడితో పోటీ పడుతుంటాయి. ఆర్పవలసింది ఎవరో ఊరికి తెలియదు, ఆర్పకపోతే ఎంత పోతుందో పంచాయతీకి పట్టదు.

అందుకే దేశం మొత్తం మీద ఈ పథకం వల్ల ఏడాదికి సుమారు 4,800 కోట్ల యూనిట్లు ఆదా అయ్యాయన్న ప్రభుత్వ అంచనాను చదివినప్పుడు నేను పెన్సిలు తీసుకుని భాగించి చూశాను. బల్బుకు ఏడాదికి దాదాపు 130 యూనిట్లు వచ్చింది. 60 వాట్ల చోట 9 వాట్లు అనుకుంటే, ప్రతి బల్బూ ఏడాది పొడుగునా రోజుకు ఏడు గంటలు వెలగాలి. పాత బల్బు వున్నప్పుడు ఎన్ని గంటలు వెలిగిందో కొత్తది కూడా అన్ని గంటలే వెలగాలి. మా పశువుల కొట్టంలో దీపం అంతసేపు వెలగదు. మా హాస్టలు వరండాలో దీపం అంతటితో ఆగదు. పథకాన్ని తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. పంచిన బల్బుల్ని లెక్కపెట్టడం వేరు, మిగిలిన కరెంటును లెక్కపెట్టడం వేరు అంటున్నాను. మొదటిది జరిగింది. రెండవది మన వంతు.

ఇక్కడ కొందరు మిత్రులు అడ్డు తగులుతారని తెలుసు. "నగరాల్లో రాత్రంతా వెలిగే హోర్డింగులు, మనిషి లేకపోయినా చల్లబడే ఏ.సి. గదులు, ఫ్యాక్టరీలు - వాటన్నిటినీ వదిలేసి పేద విద్యార్థి గదిలో బల్బు మీద పడ్డావేం?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. హోర్డింగు యజమానిని ప్రశ్నించవలసిందే. కానీ అతడు మీటరు మీద బిల్లు కడుతున్నాడు. మనం అదీ చేయడం లేదు. మన ఇంటి లెక్క మన దగ్గర లేకుండా ఎదుటివాడి లెక్క అడగటానికి వెళితే వాడు నవ్వుతాడు.

రైతుబిడ్డనై వుండి చెప్పక తప్పని మాట ఇంకొకటి వుంది. మా ఇంట్లో మీటరు వున్నచోట ప్రతి దీపం మారింది. మా చేన్లో మీటరు లేనిచోట ఏమీ మారలేదు. ఒక హార్స్‌పవరంటే 746 వాట్లు. మా 5 హెచ్.పి. మోటారు పూర్తి భారం మీద గంటకు 3.7 యూనిట్లకు తక్కువ తీసుకోదు. పాతబడి, రెండు మూడుసార్లు వైండింగు చేయించిన మోటారు ఇంకా ఎక్కువే. అంటే ఇంట్లో నాలుగు బల్బులు నెలంతా మిగిల్చిన 30 యూనిట్లను బోరు ఎనిమిది గంటల్లో తాగేస్తుంది. పైగా కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో పెట్టుకున్న ఆటోమేటిక్ స్టార్టరు చాలా చేలల్లో అలాగే వుంది. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. మడి నిండినా తిరుగుతుంది. పోయేది కరెంటు ఒక్కటే కాదు, భూమిలోని నీళ్ళు కూడా. మా జిల్లాలో నీటి విలువ ఒకరు చెప్పవలసిన పని లేదు.

మరి మోటారుకు మీటరంటే మా నాయన ఎందుకు ఒప్పుకోడు? "ఈరోజు మీటరు బిగిస్తార్రా, రేపు బిల్లు పంపుతారు" అంటాడు. ఆ భయం ఊరికే పుట్టలేదు. 1980లలో మీటర్లు తీసేసి హార్స్‌పవరుకింత అని శ్లాబు పెట్టారు. 2000లో కరెంటు చార్జీలు పెంచినప్పుడు రాష్ట్రమంతా ఉద్యమం లేచింది. ఆ ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 2004లో ఉచిత కరెంటు వచ్చింది. 2020లో శ్రీకాకుళం జిల్లాలో మోటార్లకు మీటర్లు మొదలుపెట్టినప్పుడు మా ఊరి రచ్చబండ మీద కూడా అదే చర్చ. వర్షం నమ్మకం లేక, ధర నమ్మకం లేక, బోరు మీద అప్పు పెట్టి బతికే రైతుకు ఉచిత కరెంటు భిక్ష కాదు, ఆసరా. అది వుండాలి. దాన్ని తీసేయాలనే వాళ్ళ పక్కన నేను నిలబడను.

కానీ లెక్కపెట్టడం, డబ్బు వసూలు చేయడం రెండూ ఒకటి కావు. మా నాయన కళ్ళం దగ్గర వేరుసెనగ మూటలు అమ్మకపోయినా లెక్కపెడతాడు. ఎన్ని మూటలో తెలియకపోతే సేద్యం ఎలా చేస్తాడు? అలాగే తన మోటారు ఎన్ని యూనిట్లు తీసుకుంటున్నదో రైతుకు తెలిసి, "ఈ అంకె మీద బిల్లు రాదు" అని చట్టంలో రాసి ఇస్తే, పాత మోటారు మార్చడానికి బల్బు మార్చినప్పటివలెనే సాయం చేస్తే, చేన్లో కూడా అదే మార్పు వస్తుందని నా నమ్మకం. ఆ హామీ లేకుండా మీటరు ఒక్కటే తెస్తే మా నాయన అనుమానమే నిజమవుతుంది. ముందు నమ్మకం, తర్వాత మీటరు.

అది ప్రభుత్వాలు తేల్చవలసిన సంగతి. మన చేతిలో వున్నది మన హాస్టలు. అందుకని ఈ సంచికను వెలువరిస్తున్న విద్యార్థి సంఘానికి కొన్ని మనవులు.

మొదటిది, బ్లాకుకొక మీటరు పెట్టించమని అధికారుల్ని అడగండి. డబ్బు వసూలు చేయడానికి కాదు. ప్రతి నెలా మొదటి తారీఖున ఎన్ని యూనిట్లో మెస్సు ముందున్న నోటీసు బోర్డు మీద సుద్దముక్కతో రాయడానికి. కబడ్డీలో ఏ బ్లాకు గెలిచిందో రాసుకుంటున్నాం కదా, ఇదీ రాద్దాం. రెండవది, వరండా దీపాలకు రెండు స్విచ్చిలు పెట్టించండి. ఒకటి విడిచి ఒకటి వెలిగేలా. తెల్లవారగానే ఆర్పే బాధ్యత వారానికొక గదికి అప్పగించండి. మూడవది, బల్బులు కొనేటప్పుడు వాట్లు కాదు, ల్యూమెన్లు చూడమని చెప్పండి, బి.ఐ.ఎస్. గుర్తు, రిజిస్ట్రేషను నంబరు వున్నవే తీసుకోండి. సంతలో తట్టల్లో పోసి అమ్మే పేరులేని బల్బు ఆరునెలలకే పోతుంది. ఎల్.ఇ.డి. దానంతటది అంత తొందరగా చావదు. దాని వెనకున్న చవకరకం డ్రైవరు సర్క్యూటే ముందు చస్తుంది. ఇరవై అయిదు వేల గంటల బల్బని నమ్మి కొన్న పేదవాడు మోసపోతే, రేపు నిజంగా మంచి వస్తువు వచ్చినా నమ్మడు.

చివరిగా మన భౌతికశాస్త్ర శాఖలోని లెక్చరర్లకు ఒక ప్రార్థన. మా ప్రాక్టికల్సులో డయోడు లక్షణరేఖ గీయిస్తున్నారు. గీస్తున్నాం, రికార్డులో సంతకం చేయించుకుంటున్నాం, మరిచిపోతున్నాం. దానితో పాటు ప్రతి విద్యార్థి చేత తన ఊరినుంచి ఒక బల్బు తెప్పించి, వాట్‌మీటరు మీద పెట్టించి, డబ్బా మీద రాసినంతే తీసుకుంటున్నదో లేదో కొలిపించండి. ఆ ఫలితం ఇంటికి పట్టుకుపోయి చెప్పుకునే చదువు అవుతుంది. మా వాళ్ళు మమ్మల్ని ఇక్కడికి పంపింది అందుకే కదా!

ఈ సావనీరులో ఏటేటా కార్యవర్గం ఫోటోలు, కప్పులతో క్రీడాకారుల ఫోటోలు వేస్తున్నారు. చాలా సంతోషం. వచ్చే ఏడాది సంచికలో ఒక్క పేజీ విడిచిపెట్టండి. ఒక వరుసలో పన్నెండు నెలల పేర్లు, ఎదురుగా బ్లాకుల వారీగా యూనిట్లు. ఆ పట్టిక అచ్చయిన నాడు మన దీపం నిజంగా మారిందో లేదో ఎవరినీ అడగనవసరం లేదు, అంకెలే చెబుతాయి.